ఎర్రాకుల జిగురు

ఏలూరులో ఒక కాన్వెంటు బడి. 1936 అక్టోబరు, సోమవారం. పసిపిల్లల తరగతి కిటికీ దగ్గర పంతులమ్మ కనకరత్నం, ఆయా మరియంబీ, నాలుగేళ్ళ జానీ.

"తొడిమ కిందికి రావాలి, జానీ. కిందికి. నీ ఆకు తలకిందులుగా వేలాడుతోంది."

"మా ఇంటి దగ్గర ఆకులు పచ్చగా ఉంటాయండీ."

"ఇవి ఎర్ర కాగితంతో కత్తిరించిన సీమ ఆకులు. ఈ నెలలో అక్కడ ఎర్రబడి రాలిపోతాయి. ఊఁ, అద్దానికి అతికించు. మరియంబీ, ఈవేళ జిగురులో..."

"పిండి, నీళ్ళు. ఇంకేమీ లేవు, పంతులమ్మగారూ. దించాక రుచి చూశాను."

"రుచి చూశావా?"

"శుక్రవారం నుంచీ అదే పనండీ. అంతకు ముందే చూసి ఉండవలసింది."

"వేలు నోట్లో పెట్టుకోకు, జానీ! తీయ్. తీయమన్నానా?"

"పెట్టుకోనివ్వండి. ఏమీ కాదు."

"ఆ మాట అనకు."

"అది మీ మాటేనండీ. గురువారం పొద్దున నాతో అన్నారు."

"గట్టిగా మాట్లాడకు. పిల్లలు వింటారు."

"గురువారం నేను కలుపుతుంటే వాళ్ళు చూశారు కూడానండీ. జిగురులో వేసే పటిక తెల్లగా కదా ఉండాలి, ఇదేమిటి నీలంగా ఉంది అని అడిగాను. మైలుతుత్తం, పుస్తకాలు కుట్టేవాళ్ళు జిగురులో వేసేదే, బొద్దింకలు ముట్టవు, పిల్లలకేమీ కాదు, వెయ్యి అన్నారు. వేశాను."

"నిరుడు ఒక్క ఆకు మిగల్లేదు, బొద్దింకలు అన్నీ కొరికేశాయి. రేపు ఇన్‌స్పెక్టరమ్మ వస్తారు. కిటికీ నిండుగా ఉండాలన్నారు బడి పెద్దమ్మగారు. నేను... వాళ్ళు వేళ్ళు నాకుతారని తోచలేదు."

"పదేళ్ళుగా పసిపిల్లల మధ్యనే ఉన్నారండీ మీరు."

"తోచలేదన్నాను కదా."

"పంతులమ్మగారండీ, రత్నమాల ఎప్పుడొస్తుందండీ?"

"నీ ఆకు చూసుకో, జానీ."

"రాదు నాయనా. రత్నమాల ఇక రాదు. నీ గిన్నె తీసుకుని ఆ చాప మీద కూర్చో, వెళ్ళు."

"ఇప్పుడు వాడికి అది చెప్పాలా?"

"ఎప్పుడు చెప్పమంటారండీ?"

"సరే. అది వదిలెయ్. ఇదుగో కాగితం. ఇక్కడ బొటనవేలు ముద్ర వెయ్యి. పెద్దమ్మగారు సాయంత్రంలోగా కావాలన్నారు."

"ఏం రాసి ఉందండీ?"

"గురువారం జిగురు కాచినది ఆయా మరియంబీ. అంతే."

"కాచినది నేనేనండీ. అబద్ధం లేదు. కానీ నాలుగు పంక్తులు కనబడుతున్నాయే?"

"దొరసానుల పద్ధతి. ఒక్క ముక్కనే నాలుగు సార్లు రాస్తారు."

"అయితే నాలుగు సార్లూ చదవండి."

"మరియంబీ..."

"చదవండమ్మా. నాకు అక్షరం రాదు. మీకు వచ్చు."

"'గురువారం జిగురు కాచినది ఆయా మరియంబీ. అందులో పిండి, నీళ్ళు తప్ప వేరొకటి కలపలేదని ఆమె సాక్ష్యం. ఆ బిడ్డ ఇంటినుండి చద్దన్నం తిని వచ్చినది. వాంతులకు కారణం అదియే.' చాలా?"

"చాలండీ. ఆ మాట బడి నుంచే వెళ్ళిందన్నమాట. రత్నమాల తల్లి, ఆ హనుమంతరావుగారి భార్య, నాలుగు రోజులుగా ఆ చద్దన్నం గిన్నె కడగలేదట. వాసన చూస్తోందట, మళ్ళీ చూస్తోందట. బిడ్డని నా చేత్తో చంపుకున్నానని ఒక్కటే మాట."

"నాకు తెలుసు."

"తెలిసే చదివారా?"

"ఈ ఉద్యోగం పోతే నాకు వేరే ఇల్లు లేదు, మరియంబీ. నీకూ పోతుంది. కలిపిన చెయ్యి నీది. ఆలోచించుకో."

"ఆలోచించానండీ. చెయ్యి నాదే. మాట మీది. అన్నం మటుకు ఆ తల్లిది. అందులో ఏ దోషమూ లేదు. ముద్ర వెయ్యను."

"వెయ్యకపోతే ఆ పిల్ల లేచి వస్తుందా?"

"రాదండీ."

"మరి? తుత్తం పొట్లం నేనే కాల్చేశాను. ఈ సంగతి తెలిసినది మనిద్దరికే. మనమిద్దరం నోరు మూసుకుంటే..."

"ముగ్గురికండీ. రత్నమాల తల్లిని పొద్దున నేనే తీసుకొచ్చాను. ఆ తలుపు వెనక కూర్చుని ఉంది."