బొమ్మ కింద నా పేరు

"మామ్మా, పెట్టె అడుగున తాత బొమ్మ దొరికింది. నిక్కరేసుకుని, కాలు కింద బంతెట్టుకుని నిలబడ్డాడు. కింద ఇంగ్లీసు అచ్చరాల్లో 'నూకాలు' అని ఉందేటి? నూకాలంటే నువ్వు కదా?"

ఏదీ, ఇలగియ్యి. ఉండు, కల్లజోడు కొంగుతో తుడవనీ. ఆఁ, ఇదే. మీ తాతే. ఆ మోకాల్లు సూడు, కొబ్బరి బొండాల్లాగ ఎలగున్నాయో. కింద ఉన్నది నా పేరే. నువ్వు సరిగ్గానే సదివినావు. అచ్చేసినోడు తప్పేసినాడనుకుంతన్నావేటి? కాదే. అదో పెద్ద కత. కూకో. ముందు నీ మొగుడికి టీ ఇచ్చీసినావా? ఇందాక గుమ్మంలో నిలబడి "రమేషూ, రమేషూ" అని ఈదంతా ఇనబడీలాగ కేకలేత్తన్నావు. తప్పనడం లేదమ్మా. ఈ కతంతా ఆ పిలుపు గురించే, అందుకని అన్నాను.

నాను పెల్లయి భావనపాడు వచ్చినప్పుడికి నాకు పదహారేల్లు. కాదు కాదు, పదిహేడు. ఆ ఏడే కదా పెద్ద గాలివాన వచ్చి మా నాన్న తెప్ప ఇరిగిపోనాది. సరే, ఏదో ఒకటి. మీ తాత పెద్దవల లాగీవోడు. పొద్దున్న వల ఒడ్డుకి సేరి, సేపలు పంచుకోడం అయిపోనాక, ఆ వయసోల్లందరూ తడి ఇసకలో బంతాట ఆడీవోరు. బంతంటే నువ్వు కొనీ బంతి కాదే. సిరిగిపోయిన వలముక్కలు, కొబ్బరి పీసు కలిపి గుండ్రంగా సుట్టి, తాడుతో బిగించీవోరు. నీల్లు తాగిందంటే రాయే. దాన్ని ఒట్టికాల్లతో తన్నీవోరు. అలాటి కాల్లకి దొరల తోలుబంతి ఒక లెక్కా? మరి ఇసకలో పరిగెత్తినోడు గట్టినేల మీదకొత్తే ఆగుతాడేటి?

అప్పుడు అణాకి తట్టెడు కవళ్ళ సేపలు పోసీవోరే. ఇప్పుడు మీరు నాలుగు సేపలకి ఎంతిత్తన్నారో తలుసుకుంటే నాకు కడుపు మండిపోతాది. ఏటి సెప్తన్నాను? ఆఁ, పేరు.

నాను కాపరానికొచ్చిన తొలిరోజే మా అత్త నన్ను పొయ్యికాడ కూకోబెట్టి సెప్పీసినాది. "ఒలే నూకాలూ, మొగుడి పేరు నీ నోటెంట రాకూడదు. ఒకపాలి అన్నావంటే ఆడి ఆయుస్సులో ఒక రోజు తరిగిపోతాది" అని. మా అత్త మంచిదే గానీ, మాట పొల్లుపోనియ్యదు. నాకు బయమేసీసినాది. మరి ఎలగ పిలవడం? "ఇల్లిదిగో" అనీదాన్ని. "ఇల్లిదిగో, నీల్లు తోడినాను." "ఇల్లిదిగో, అన్నం సల్లారిపోతంది." మీ తాత నవ్వీవోడు. "ఇల్లిదిగో అన్నది నా పేరేటే? మా యమ్మ ఎట్టిన పేరొకటుంది కదా, దాంతో పిలు" అనీవోడు. నాను కొంగు నోట్లో కుక్కుకునీదాన్ని. ఆయన మాత్రం నన్ను రోజుకి నూరుపాల్లు పిలిసీవోడు. నూకాలూ ఉప్పేదీ, నూకాలూ తువ్వాలేదీ, అని. ఎదురుగానే ఉండీదమ్మా తువ్వాలు.

తరవాత రెండేల్లు సముద్రం ఏటీ పెట్టలేదు. ఒట్టి వలలే వచ్చీవి. మనోల్లు సానామంది రంగూను ఎల్లిపోనారు. మీ తాత కలకత్తా ఎల్లి ఓడలో కలాసీగా సేరతానన్నాడు. నానూ పలాస దాకా ఎల్లినాను, రైలెక్కించడానికి. రైలెక్కి, కిటికీలోంచి తలకాయ బయటెట్టి ఏటన్నాడో తెలుసా? "నూకాలూ, ఒక్కపాలి పేరెట్టి పిలు. పిలిసినావంటే దిగిపోతాను. గంగమ్మ మీద ఒట్టు" అన్నాడు.

నోటిదాకా వచ్చీసినాది తల్లీ. నాలిక కొసన ఉంది. ఎవుడికి తెలుసు ఆ జనంలో? గానీ సముద్రం మీదకి ఎల్తన్న మనిషి. ఆ మనిషికి ఒక్క రోజు ఎంత ఇలువైందో అని మింగీసినాను. రైలు కదిలిపోనాది. ఏడేల్లు.

ఓడ సీమకెల్లి ఏదో రేవులో ఆగినాదట. ఆ ఊరి పేరు నాకు నోరు తిరగదు. మంచూ, బొగ్గుపొగా తప్ప ఏటీ లేదన్నాడు. రేవులో బొగ్గు మోసీవోల్లు బంతాట ఆడుతుంటే ఈయన కూడా దిగినాడు, ఒట్టికాల్లతో. బంతి తీసుకుని పరిగెత్తినాడంటే ఎవడికీ అందలేదట. ఎవరో దొర సూసి, మా జట్టులోకి వచ్చీ, జీతమిత్తామన్నాడు. ఆటకి జీతమేటే! అక్కడ అదే పనంట. పొద్దున్న లేచి పరిగెత్తడం, తినడం, వారానికొకపాలి ఆడడం. బురదలో జారకుండా మేకుల బూట్లు ఇచ్చినారు. ఈ సంగతులన్నీ ఉత్తరాల్లో వచ్చీవి. ఆయనకి రాత రాదు, ఏ రేవులోనైనా తెలుగు కలాసీ ఎవడో ఒకడు రాసిపెట్టీవోడు. ఇక్కడ మా ఊరి బడి పంతులుగారు సదివి ఇనిపించీవోరు. నానూ మా అత్తా ఆ అరుగు కింద కూకునీవోల్లం.

పంతులుగారు ఆట ఎలగుంటాదో కూడా సెప్పినారు. రెండేపులా రెండేసి కర్రలు పాతి, ఎనకాల వల కడతారు, బంతి ఆ వలలో పడాలి అన్నారు. వల అన్నమాట ఇనగానే మా అత్తకి పేనం లేచొచ్చినాది. "వలున్నకాడ నా కొడుక్కేటి బయం!" అనీసినాది.

ఏడాది తిరిగేసరికి ఇంకో ఉత్తరం. ఆ ఊరోల్లు మీ తాతని ఇంకో దేశం జట్టుకి అమ్మీసినారని. మా అత్త లబోదిబోమంది. "సంతలో ఎద్దునమ్మినట్టు నా కొడుకునమ్మీసినారా? పల్లు పట్టుకుని సూసినారేటి?" అని ఒకటే ఏడుపు. పంతులుగారు నవ్వాపుకోలేక, "అమ్మా, మంచి ఆటగాడినే అలా కొనుక్కుంటారు, అది గౌరవం" అన్నారు. గౌరవమే గావాల. అలగ మూడు దేశాలు తిరిగినాడు. ఒకూర్లో ఎర్ర సొక్కా, ఒకూర్లో నీలం, ఒకూర్లో గీతలది. సలిదేశం తరవాత ద్రాచ్చపళ్ళ దేశం, ఆ తరవాత ఇంకోటి, అక్కడ మనలాగే గట్టిగా మాటలాడతారంట.

ఆ ద్రాచ్చపళ్ళ ఊరునించి వచ్చిన ఉత్తరమే నా పేనం తీసినాది. ఏటి రాసినాడంటే, "నూకాలూ, నాను గోలు కొడితే ఇరవై వేలమంది లేచి నిలబడి నా పేరెట్టి అరుత్తన్నారు. నువ్వు ఒక్కపాలి పిలవనన్నావు, సూడు ఇక్కడ" అని. యాలాకోలానికి రాసినాడు. నాను మాత్రం లెక్కెట్టుకున్నాను, పిలుపుకో రోజు. పంతులుగారూ, ఇరవై వేల రోజులంటే ఎన్నేల్లు అని అడిగినాను. ఎందుకమ్మా అన్నారు. సెప్పండి బాబూ అన్నాను. ఏల్లమీద లెక్కేసి, యాభై నాలుగేల్ల సిల్లర అన్నారు. ఓలమ్మా! ఒక్క గోలుకి యాభై నాలుగేల్లా! అక్కడే కూలబడి ఏడుపు లంకించుకున్నాను.

పంతులుగారు ఓదార్చినారు పాపం. "ఆ మాట పెళ్ళాం పిలుపుకేనమ్మా, ఊళ్ళోవాళ్ళ పిలుపుకి కాదు" అన్నారు. మరి ఆ ఇరవై వేలమందిలో ఆడోల్లుంటారా అని అడిగినాను. ఉంటారన్నారు. ఆల్లలో ఒక్కర్తెకైనా మీ తాత మీద మనసయిందనుకో, అప్పుడో? పంతులుగారు ఉత్తరం మడిసి నా సేతిలో ఎట్టీసినారు. నవ్వకే! నాకప్పుడు ఇరవై రెండేల్లు. ఆ రోజునించి వారం వారం గంగమ్మకి పసుపునీల్లు పోసి మొక్కుకునీదాన్ని. ఇయ్యాల ఎంతమంది పిలిసినారో తల్లీ, ఆ తరిగింది నువ్వే పూడ్చు అని.

పూడ్చలేదు. ఆ మరుసటేడు మోకాలు ఇరిగిపోనాదని ఉత్తరం వచ్చినాది. మూడు నెల్లు మంచం మీదున్నాడట, అన్నం తినిపించీవోల్లు లేక. అదిగో, నాను అనుకున్నట్టే అయిపోనాది. అప్పుడు నాను పంతులుగారి సేత రాయించినాను, నా మాటలే, ఒక్కటి మార్సకుండా రాయండని. "నువ్వు ఆడితే ఆడు, మానితే మాను. ఆ జనానికి నీ పేరు సెప్పకు. ఇంకేదో పేరు సెప్పుకో. నీ పేరు నాను దాసుకున్నాను, ఆల్లకి పంచిపెట్టకు."

నాలుగు నెల్లకి జవాబు. మోకాలు అతుక్కుంది, కొత్త జట్టులో సేరినాడు, బొమ్మ తీసి పంపినాడు. ఇదిగో, ఈ బొమ్మే. పంతులుగారు సదువుతా సదువుతా ఆగిపోనారు. నాకేసి సూసినారు, మా అత్తకేసి సూసినారు, మల్లీ సదివినారు. "నువ్వు సెప్పినట్టే పేరు మార్సీసినాను. నాకు తెలిసిన పేర్లలో మంచిది ఒకటే ఉంది. నూకాలని సెప్పినాను. మొన్న గోలు కొడితే ఊరు ఊరంతా నూకాలూ, నూకాలూ అని అరిసినారు."

నాను ఒక్క పరుగున ఇంటికొచ్చి తలుపేసీసుకున్నాను. సిగ్గు. అంతమంది తెల్లోల్లు నా పేరు పిలవడమేటే! నన్ను మా ఈదిలోనే ఎవురూ అంత గట్టిగా పిలవలేదు. మా అత్త తలుపు కొట్టి, "ఒలే, ఇప్పుడు నీ ఆయుస్సు తరుగుతాదేమో" అని కంగారు పడింది. తలుపు తీసి, తరగనీ అత్తా, ఆయనది మిగులుతాది కదా అన్నాను.  మా అత్త నా తలమీద సెయ్యేసి నిమిరినాది. ఆ సాయంత్రం ఒడ్డుకెల్లి కూకున్నాను. సముద్రాలన్నీ కలిసే ఉంటాయని మీ తాత అనీవోడు. ఇనబడతాదేమోనని సెవొగ్గి కూకున్నాను, పిచ్చిదాన్ని. కెరటాల సప్పుడే.

ఇంకో రెండేల్లు ఆడినాడు. మల్లీ అదే మోకాలు. ఇంక సాలు, వచ్చెత్తన్నానని రాసినాడు. నౌపడా టేసను మాకు దగ్గరే గానీ ఆయనొచ్చీ మెయిలు రైలు అక్కడ ఆగీది కాదు, పలాస ఎల్లాలి. కాశీబుగ్గలో మా పిన్ని ఇంటికాడ దిగి, మూడు రోజులు వరసగా టేసనుకెల్లినాను. మూడో రోజు, పూరీ ఎల్లొచ్చిన యాత్రోల్లతో టేసను కిటకిటలాడిపోతంది. ఆ సివర్న ఒక మనిషి దిగినాడు. కోటు, టోపీ, కుంటుకుంటా నడుత్తన్నాడు. నడకలో కుంటుంది గానీ ఆ ఈపు నాకు తెలదా? ఆయన అటూ ఇటూ సూసినాడు, నన్నూ సూసినాడు, దాటీసినాడు. పోల్చుకోలేదు. పదహారేల్ల పిల్లని ఇడిసెల్లినాడు కదా. కాదు, పదిహేడని సెప్పినాను కదా. పద్దెనిమిదో, పంతొమ్మిదో. ఎవురూ రాలేదనుకుని గేటుకేసి ఎల్లిపోతన్నాడు.

ఇల్లిదిగో అన్నాను. ఆ గోలలో ఏటినబడతాది? ఇంకా గట్టిగా అన్నాను. మనిషి ఎల్లిపోతన్నాడు. ఆ పేరు మల్లీ నాలిక కొసకొచ్చినాది. మల్లీ మింగినాను. అప్పుడు నాకేటి తోచిందో, ఊపిరంతా కూడగట్టి, టేసను అదిరిపోయీలాగ అరిసినాను. "నూకాలూ!"

పేరు మామూలుదే కదా మన పక్క. ఆ జనంలో ముగ్గురో నలుగురో ఆడోల్లు ఎనక్కి తిరిగి సూసినారు. ఆల్లతోపాటు, కోటేసుకున్న మగోడు ఒకడు తిరిగినాడు.

ఏడవకే. నానే ఏడవడం లేదు, నువ్వేటి? తిరిగొచ్చీసినాక ముప్పయ్యేల్లు ఉన్నాడు నాతో. మోకాలు వల్ల వల లాగలేకపోనాడు. ఒడ్డున కూకుని ఊరందరి వలలూ బాగు సేసీవోడు. అంత పేరు తెచ్చుకున్నోడు, ఒక్కనాడు మొకం మాడ్సుకోలేదు. ఇంట్లో ఇద్దరం నూకాలులమే. ఆయన నన్ను నూకాలూ అంటే, నాను ఆయన్ని నూకాలూ అనీదాన్ని. ఊరంతా నవ్వీవోరు.

ఆఖర్న మంచం మీద, మల్లీ అడిగినాడు. "ఒక్కపాలి, నా పేరెట్టి" అని. అప్పుడెలగ పిలుత్తాను సెప్పు? ఉన్నవే నాలుగు రోజులు.

ఇప్పుడు నాకు ఎనభై దాటిపోనాయి. ఊర్లకి ఊర్లు నా పేరు అరిసినారు, అయినా నా ఆయుస్సు తరిగిందేటి? రాయిలాగున్నాను. అంటే మా అత్త సెప్పింది ఒట్టిమాటే కదే? ఆ మాట నాకు పలాస టేసన్లో తెలిసుంటే పిలిసీదాన్ని, దిగిపోయీవోడు. దిగిపోతే ఈ బొమ్మ ఉండదు. ఏది మంచిదో నాకు ఇప్పుడికీ తెలదు. మంచం మీద అడిగినప్పుడు మాత్రం పిలవాల్సిందే. అదొక్కటి తప్పు సేసినాను.

"ఇప్పుడు సెప్పు మామ్మా. తాత పేరు ఒక్కపాలి సెప్పు."

ఇప్పుడేటికే. ఎవుడు ఎనక్కి తిరిగి సూత్తాడు?

ఇదిగో, నీ మొగుడు పిలుత్తన్నాడు, ఇను. ఎల్లు. నువ్వూ పిలు తల్లీ, సిగ్గుపడకు, గట్టిగా పిలు. పలికీవోడు ఉన్నన్నాల్లూ పిలు. మీరిద్దరూ నూరేల్లు ఒకల్లనొకల్లు పిలుసుకుంటా బతకండి. ఆ బొమ్మ ఇక్కడెట్టీసి ఎల్లు. ఆఁ, ఇలగ, నా పక్కన...