గీతల్లేని కాగితం

ఏడవకండి కోరిన్ గారూ, వెయిటరు ఇటే చూస్తున్నాడు. ముందు ఆ కాఫీ తాగండి. ఈ కెఫేలో కాఫీ చల్లారితే నోట పెట్టుకోలేం.

కోపమా? కోప్పడే ఓపిక కూడా లేదండీ నాకు. ఆరేళ్లుగా చేతిరాతలు చదవడమే నా పని. ఈ లియోన్‌లో ఊళ్లో ఎవరు ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నా, కంపెనీలవాళ్లు గీతల్లేని తెల్లకాగితం మీద కలంతో రాయమనేవాళ్లు. అది నా బల్ల మీదకొచ్చేది. ఆ దస్తూరి చూసి మనిషి ఎలాంటివాడో నేను చెప్పాలి.

ఇప్పుడదీ పోయింది, అందరూ కంప్యూటర్లోనే పంపేస్తున్నారు. మా అన్నయ్య డాక్టరు. "ఎలోడీ, నీ చదువుకీ చెయ్యి చూసి జాతకం చెప్పడానికీ తేడా ఏంటే?" అని ప్రతి ఆదివారం భోజనాల దగ్గర మొదలెడతాడు. ఇక నాకు పనిచ్చేవాళ్లలో మిగిలింది మీ ఆయన పనిచేసే మిఠాయి ఫ్యాక్టరీ యజమాని, ప్రదెల్ గారొక్కరే.

మీ ఆయన అర్జీ చూసి నేనేం రాశానో తెలుసా? నెమ్మదైన మనిషి, మాట తూలడు, పదిమందినీ కలుపుకుపోతాడు అని రాశాను. అబ్బ, ఎంత నిదానమైన దస్తూరి అని మురిసిపోయాను కూడా!

తీరా చేరాక రోజుకొకరితో గొడవ. మొన్న ప్యాకింగ్ అమ్మాయి మీదకి ట్రే విసిరాడట. ప్రదెల్ గారు ఫోన్ చేసి, "ఏమ్మా, నీ నెమ్మదైన మనిషి ఇతనేనా?" అన్నారు. తల ఎక్కడ పెట్టుకోను చెప్పండి?

అందుకే నిన్న ఆయన్ని పిలిపించి నా ఎదుటే రాయించాను. కాగితం చిరిగేలా ఒత్తి రాశాడు. ఆ అర్జీ ఆయన రాసింది కాదని అప్పుడే తెలిసిపోయింది.

ఇంటికొచ్చి మీ మీద ఎగిరుంటాడు, మీరిలా పరిగెత్తుకొచ్చారు. అది రాసింది మీరేనని ఒప్పుకున్నారు, సంతోషం. శుక్రవారంతో ప్రొబేషన్ అయిపోతుంది, చూసీ చూడనట్టు వదిలేయమంటారు. అంతేగా?

వదిలేస్తే నాకూ సుఖమే. 'కొత్త కదా, సర్దుకుంటాడు' అని ఒక ముక్క రాస్తే ఆయన ఉద్యోగమూ నిలుస్తుంది, నా పేరూ నిలుస్తుంది. నిజం రాస్తే? ఎవరి దస్తూరో కూడా పోల్చుకోలేనిదానికి ఇంకెవరు పనిస్తారు?

సరే అనేదాన్నే. ఇందాక మీరు ఈ కాగితం మీద ఫోన్ నంబరూ అడ్రసూ రాసివ్వకపోతే.

ఇది మీ చేతిరాతేనా కోరిన్ గారూ? అర్జీలో అక్షరాలు ఎంత విశాలంగా, ఎంత హాయిగా ఉన్నాయి! చలికాలంలో రాసిందేగా అది. ఇప్పుడు చూడండి, అన్నీ ఓ మూలకి నక్కాయి. ఎవరైనా వస్తున్నారేమోనని వింటూ రాసినట్టుంది.

చలికి చెయ్యి వణికిందంటారా? జూలైలోనా?

సరే లెండి, నేనేమీ అడగను. మీ చెల్లెలు నాంత్‌లో ఉందన్నారుగా. పాపని తీసుకుని గురువారమే రైలెక్కేయండి. శుక్రవారం నేను ప్రదెల్ గారికి నిజం రాస్తాను. ఉద్యోగం పోయిన ఆ కోపం ఇంటికొచ్చేసరికి మీరక్కడ ఉండకూడదు.

నా సంగతా? ఏముంది, మా అత్త పూలకొట్టులో మనిషి కావాలంటోంది. పూలకి దస్తూరి ఉండదుగా, హాయి.

మా అన్నయ్య మాటే నిజమై, నా చదువంతా బూటకమై, మీకు నిజంగానే చలి వేస్తుంటే ఎంత బాగుండు! ఇన్నేళ్లలో ఇలా కోరుకోవడం ఇదే మొదటిసారి.

అయినా సరే, టికెట్టు కొనేయండి.