విరిగిన కాలితో గెలిచిన పందెం

కోచ్ గారు గొంతు సవరించుకున్నారంటే ఆయన భార్యకి తెలిసిపోతుంది, ఇంక టీ చల్లారిపోయినా ఎవరూ లేవరని. ఎల్లుండే పందెం. ముందు ఈత, ఒళ్ళు ఆరకుండానే సైకిలు, సైకిలు దిగుతూనే పరుగు, మధ్యలో ఊపిరి తీసుకునే తీరికుండదు. ఆ ట్రయాథ్లాన్ కోసం ఆయన తయారుచేసిన వాళ్ళందరూ ఈతకొలను నుంచి నేరుగా వచ్చి వరండా మెట్ల మీద కూర్చున్నారు, తడి జుట్లతో, బెదురు మొహాలతో. ఆవిడ అందరికీ గ్లాసులు అందించి గుమ్మానికి చేరబడింది.

“నేను గొప్ప కోసం చెప్పట్లేదు గానీ,” అని మొదలుపెట్టారాయన, “నా మొదటి పందెంలో ఈత అయ్యేసరికి అందరికంటే కాస్త ముందు ఒడ్డెక్కాను. అంతే. పెద్ద విషయమేం కాదు.”

“కాస్త అంటే?” అన్నారు పై మెట్టు మీద కూర్చున్న లెక్కల మాస్టారు. ఆయనకి ఏదైనా లెక్క తేలాల్సిందే.

“కాస్త అంటే, నేను ఒళ్ళు తుడుచుకుని, తల దువ్వుకుని, వెనక్కి తిరిగి చూస్తే మిగతావాళ్ళు ఇంకా నీళ్ళలోకి దిగుతున్నారు. సరే, సైకిలెక్కా. ఎక్కానో లేదో టైరు ఢామ్మంది! ఇంకొకడైతే నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చునేవాడు. నేను దాన్నిండా గడ్డి కుక్కి తొక్కాను. కొంత దూరం పోయాక చైను పుటుక్కున తెగింది, బెల్టు విప్పి కట్టాను. ఇటు నిక్కరు జారిపోతోంది, ఒక చెయ్యి దానికి, ఇంకో చెయ్యి హ్యాండిలుకి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముందు చక్రం ఊడిపోయి నాకంటే ముందు పరిగెత్తింది. దాన్ని కూడా దాటేశాను మాస్టారూ!”

“చక్రం లేని సైకిలు మీద, చక్రాన్ని?”

“మరి సాధన అంటే ఏమిటనుకున్నారు!”

మెట్లన్నీ నవ్వాయి. ఆవిడా నవ్వింది. పెళ్ళైన కొత్తలో ఈ కథలో చైను మాత్రమే తెగేది, చక్రం ఊడటం ఈ మధ్యే మొదలైంది. ఆవిడ ఏనాడూ కాదనలేదు. ఈ కోతలు విని భయం మరిచిపోయి నీళ్ళలోకి దూకినవాళ్ళని కళ్ళారా చూసింది, పోనీలే ఎవరికేం నష్టం అనుకుంది.

అప్పుడు ఆవిడ చూపు కింది మెట్టు మీదున్న టైలరమ్మ మీద పడింది. అందరి బూట్లూ మెట్ల కింద ఉన్నాయి. ఈ అమ్మాయి ఒక్కటే విప్పింది. కుడికాలిది అలాగే ఉంది, లేసు బిగించి, సాక్సు పైకి లాగి. గ్లాసు కింద పెట్టబోతూ ఆ కాలు కదిపితే మొహం వంకర పోయింది. ఆ పిల్ల ఇల్లు గడిచేదే కుట్టుమిషను తొక్కి. ఏమ్మా ఏమైంది అని అడగబోయేలోపు కోచ్ గారు గొంతు పెంచారు.

“అసలు కథ పరుగులో ఉంది. మొదలెట్టీ పెట్టకముందే గుంతలో పడి కాలు విరిగింది. టక్కుమని నా చెవులకే వినపడింది. ఆగానా? ససేమిరా! అడుగేసినప్పుడల్లా ఎముక టక్కు టక్కుమంటుంటే ఆ తాళానికే వేగం పెంచాను. తీరా చేరేసరికి అక్కడ నరపురుగు లేదు. ఇంత త్వరగా ఎవడొస్తాడులే అని రిబ్బను కూడా కట్టలేదు. నేనే కట్టుకుని, వెనక్కి వెళ్ళి, మళ్ళీ పరిగెత్తుకొచ్చి తెంపాను! అందుకే మీకు రోజూ చెప్పేది. నొప్పి పిలవని చుట్టంలాంటిది. పలకరించకపోతే దానంతటదే పోతుంది.”

“నిజం సార్,” అంది టైలరమ్మ. “నేనూ పలకరించట్లేదు.”

ఎవరూ నవ్వలేదు. ఆమె వేళాకోళానికి అన్నట్టు లేదు.

“మొన్న పరిగెత్తుతుంటే నా కాలూ టక్కుమంది. మీరు గుర్తొచ్చి ఆగలేదు. ఇవాళ పొద్దునా పరిగెత్తాను. మిషను తొక్కుకునే దానికి పందేలేమిటని మా ఇంట్లో అందరూ నవ్వారు సార్. ఎల్లుండి చచ్చినా ఆగను.”

 కోచ్ గారు గుమ్మం వైపు చూశారు. ఆ చూపులో భయం కనపడింది ఆవిడకి. ఇన్నేళ్ళూ కథని పెంచడమే గానీ వెనక్కి తీసుకోవడం ఆయనకి చేతకాదు.

“ఏవండీ,” అందావిడ, “కాలు విరిగాక ఎన్ని అడుగులేశారు?”

ఆయన చేతిలో గ్లాసు కింద పెట్టేశారు.

“ఒక్కటి కూడా వెయ్యలేదమ్మా,” అందావిడే టైలరమ్మతో. “రోడ్డు పక్కన కూలబడి భోరుమన్నారు. ఆ మలుపులో పందెంవాళ్ళకి మంచినీళ్ళు ఇస్తున్నది నేనే. అంబులెన్సు వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదీయన. మా పరిచయం అలా అయింది. ఆ పూట ఆగారు కాబట్టే డాక్టరు కాలు నిలబెట్టాడు, ఇవాళ మీ వెంట పరిగెత్తగలుగుతున్నారు. నీది అన్నం పెట్టే కాలు తల్లీ. దాన్ని పందెంలో పెట్టకు.”

 ఆయన తల దించుకున్నారు. ఇంతమంది ముందు పరువు తీశానే అని ఆవిడ ప్రాణం ఉసూరుమంది.

కోచ్ గారు లేచి మెట్లు దిగారు. టైలరమ్మ ముందు నేల మీద చతికిలబడి, లేసు ముడి మెల్లగా విప్పి, బూటు, సాక్సు తీశారు. చీలమండ వాచి నీలంగా ఉంది.

“మాస్టారూ, మీ కారు తియ్యండి. ఆసుపత్రికి వెళ్ళాలి.”

మాస్టారు ఒక్క లెక్కా అడక్కుండా లేచారు. టైలరమ్మ పెదవి బిగబట్టుకుంది. “మీరు నిజంగా ఏడిచారా సార్?”

ఆయన ఆ కాలిని ఒళ్ళో పెట్టుకుని, తల ఎత్తకుండా, ఎప్పటి గొంతుతోనే అందుకున్నారు.

“ఏడవడమా! నా ఏడుపుకి దారిన పోయే బస్సులు ఆగిపోయాయి. అంబులెన్సు డ్రైవరు సైరను కట్టేసి, ఇది చాల్లే అని నా ఏడుపుతోనే ట్రాఫిక్కు తప్పించుకుంటూ పోయాడు. ఆసుపత్రిలో మిగతా రోగులు తమ నొప్పులు మరిచిపోయి నన్ను ఓదార్చడానికి వచ్చారు. ఏడుపులో నన్ను కొట్టినవాడు ఇంతవరకూ పుట్టలేదు. కానియ్యమ్మా, నీ వంతు. కష్టం లేదు, నేను నేర్పిస్తాగా.”

టైలరమ్మ నవ్వబోయి బావురుమంది.

ఆవిడ గుమ్మం వదిలి వచ్చి ఆ పిల్ల పక్కన కూర్చుంది. ఆ రోడ్డు పక్క ఆయన ఏడ్చింది కాసేపే. ఆ మాట మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పలేదు.