ఆ జాగా ఆళ్లగడ్డది

"అవ్వా, అందరి పళ్లేలు నిండుగా సర్ది, నా పళ్లెంలో మాత్రం నడుమ ఖాళీ ఇడిసినావేంది? బజారు నుంచి తెప్పించిన కోవా ఉంది, పెట్టేదా?"

పెట్టొద్దు. ఆడ ఏమీ పెట్టొద్దు. అవ్వకు కండ్లు కానరాక ఇడిసింది అనుకుంటివా? బాగానే కానొస్తాంది. ఆ కోవా డబ్బా పక్కన పెట్టి ఇట్ల వచ్చి కూర్చో అమ్మీ. పేరంటానికి ఇంకా పొద్దుంది. ఆ చక్కిలాలు అంచుకు ఆనించుకుంటా ఉండు. చేతికి పనుంటే చెవి బాగా వింటాది, మా అత్త అనేది ఆ మాట.

మా అత్త అంటే మీ మామకు అవ్వ, నువ్వు చూడలేదు. మనిషి పొడుగు. మాట కట్టె ఇరిచినట్లు. దసరా వస్తే ఈ పళ్లేలు సర్దేది ఆమెకు నోము మాదిరి. నేను ఈ నంద్యాల ఇంటికి కోడలిగా వచ్చింది కర్నూలు రాజధాని అయినప్పుడు... కాదు, అప్పుడు కాదు. అయినాక, మల్ల అది హైదరాబాదుకు పోకముందు. ఆ నడుమ. పదహైదేండ్లు నిండినాయో లేదో నాకు. మాది ఆళ్లగడ్డ గదా, మా నాయనకు ఆడ బెల్లం, చింతపండు అంగడి. ఈడ మా మామకు బెల్లం మండీ. బెల్లానికీ బెల్లానికీ కుదిరిందిలే అని పెండ్లిలో అందరూ నవ్విరి.

దసరా దినాల్లో ఒక సందకాడ మా ఇంట్లో పేరంటం. వీధి వీధంతా వచ్చేది. ఒక్కో కోడలికి ఒక పళ్లెం. అప్పుడు ఇత్తడి తాంబాళాలు, చింతపండుతో తోమితే మొగం కనిపించేది. అంచుకు చక్కిలాలు నిలబెట్టల్ల. వాటికి ఆనించి నిప్పట్లు, మీరు చెక్కలంటారే, అవి. దాని లోపల రవ్వ ఉండలు, బుడ్డల ఉండలు, అదే పల్లీలవి. కారం తీపిని తాకకూడదు, నడుమ మోదుగాకు అడ్డం. తాకిందంటే పళ్లెమంతా దించి మల్ల సర్దమనేది. గానుగ నూనె వాసన, బెల్లం పాకం వాసన, వారం దినాలు కోకలకు అదే వాసన. ఇప్పుడు నూనెకు వాసనే లేకపాయె, నీళ్ల మాదిరి ఉంటాది. ఏదో చెప్తాంటి... ఆఁ, పళ్లెం నడుమ.

నడుమ జాగా కోడలి పుట్టింటిది. ఆమె తల్లి చేతి వంట ఒక్కటే ఆడ పెట్టల్ల. వచ్చిన ఆడోళ్లు ముందు నడుమ నుంచే తీసుకొని, "ఇది ఏ ఊరిదమ్మా?" అని అడిగి, నోట్లో వేసుకొని, బాగుంది, పాకం ముదిరింది, ఏదో ఒకటి అనేవాళ్లు. మా తోడికోడలిది సంజామల ఊరు, సంజామల అక్క అంటాంటిమి, ఆమె పుట్టింటి నుంచి కొర్రబియ్యం అత్రాసాలు వస్తాండె. అరిసెలే, కొర్రబియ్యంతో చేస్తారు. వాటికి వీధిలో బో పేరు.

నాకు అది మొదటి దసరా. మా అమ్మ చేతి కర్జికాయలు అంటే ఆళ్లగడ్డలో చెప్పుకునేవాళ్లు. అవి వస్తాయని పెండ్లి నాడే మా అత్త చెప్పిపెట్టుకొనె. అయితే ఏం లాభం. పెండ్లి అయిన మూడో నెలలో మా అన్న పాయె. శ్రీనివాసులు. శీనడు అంటాంటిమి. విషజ్వరం. మీసం కూడా సరిగా రాలేదు వానికి.

నాకు మూడు దినాల మైలే, ఇంటిపేరు మారింది గదా. ఆడ మా అమ్మోళ్లకు ఏడాది. నీకు తెలుసు గదమ్మీ, మనిషి పోయిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా పండగ లేదు, పొయ్యి మీద నూనె బాండలి ఎక్కకూడదు. అన్నం ఉడకచ్చు, రొట్టె కాలచ్చు. బాండలి మాత్రం బోర్లించి పెట్టల్ల.

దసరా దగ్గరకొస్తాంటే అన్న పోయిన దుఃఖం ఒక పక్క. ఇంగో పక్క, చెప్తే సిగ్గు గాని, ఈ పళ్లెం. వీధంతా వచ్చి చూసే చోట, కొత్త కోడలి పళ్లెం నడుమ బోడిగా ఉంటే ఎట్ల? పదహైదేండ్ల పిల్లకు అది చిన్న మాట కాదు. సంజామల అక్క నా మొగం చూసి, "ఏమే ఆళ్లగడ్డ పిల్లా, నా అత్రాసాలు నాలుగు తీసి నీ పళ్లెంలో పెట్టుకో. అత్రాసం మీద ఊరి పేరు రాసుంటాదా?" అనె. మంచి మనిషి, నవ్వించల్లని చూసె. నాకు నవ్వు రాలేదు.

పేరంటం నాడు పొద్దున్నే మా నాయన వచ్చె. మోటారు బస్సు దిగి, భుజం మీద తువ్వాలు, చేతిలో గుడ్డ మూట. లోపలికి రాకుండా అరుగు మీదనే నిలబడె.

"లోపలికి రా అన్నా" అనె మా అత్త.

"వద్దులేమ్మా. పండగిల్లు. నేను ఈడనే ఉంటా."

"పండగిల్లు గాని పరాయిల్లు కాదు గదా."

అయినా రాలేదు. మూట మాత్రం చాపె. "మా ఆడోళ్లు పంపించినారు. పాప పళ్లెంలోకి" అనె.

నేను తలుపు చాటున ఉండా. మా అత్త మూట విప్పె. మైసూరుపాకు. ఒక్కొక్క ముక్క కొలిచి కోసినట్లు, నాలుగు పక్కలా సమంగా. మా అమ్మ పుట్టినాక మైసూరుపాకు చేసింది లేదు. ఏదో హోటల్లో కొని, కాగితం తీసేసి, ఇంట్లో గుడ్డలో మూట కట్టుకొని తెచ్చినాడు మా నాయన. బెల్లంలో ఇసుక ఉంటే, "ఇసుక ఉందప్పా, చూసి తీసుకో" అని చెప్పి అమ్మే మనిషి. ఆ మనిషి ఆపొద్దు అబద్ధం చెప్పె.

మా అత్త ఒక ముక్క ఎత్తి చూసి, మల్ల మూటలోనే పెట్టె. "వదినకు ఇంత వాటంగా కోసేది ఎప్పుడొచ్చిందన్నా?" అనె.

మా నాయన తల దించుకొనె. "ఉత్త జాగా చూసి నా బిడ్డ తల వంచుకుంటాదేమో అనుకుంటిమ్మా. అంతే."

అప్పుడు మా అత్త అన్న మాట అమ్మీ, ఈపొద్దుకు నా చెవిలో ఉంది. "కడుపున పుట్టిన పిల్లోడు పోయి నాలుగు నెలలు కాలేదు. ఆ తల్లి దసరాకు బాండలి ఎక్కించి తీపి చేసి పంపిందని నా నట్టింట్లో పెట్టి నేను చూపిస్తే, చూసినోళ్లు వదినను ఏమనుకుంటారు? కోడలి పరువు కాపాడబోయి ఆ తల్లి పరువు తీస్తావా అన్నా?"

మా నాయనకు ఆ మాట అంతవరకు తట్టనే లేదు. తువ్వాలు మొగానికి అడ్డం పెట్టుకొని అరుగు మీద కూలబడె. మా నాయన అట్ల ఏడ్చేది నేను చూడటం అదే మొదలు. అన్న పోయిన్నాడు కూడా ఏడ్వలేదు, అందరికీ ధైర్యం చెప్పుకుంటా తిరిగె. మా అత్త ఓదార్చలేదు. మజ్జిగ చెంబు తెచ్చి పక్కన పెట్టి, ఆ మైసూరుపాకు వీధిలో పిల్లోళ్లకు పంచిపెట్టె. ఆయన లేచేదాకా వాకిట్లోనే నిలబడె.

సందకాడ పేరంటం. మా అత్తే నా పళ్లెం సర్దె. అంచు నుంచి ముచ్చటగా సర్దుకుంటా వచ్చి, నడుమ గుండ్రంగా జాగా ఇడిసి, తడిగుడ్డతో తుడిచె. ఇత్తడి తళతళా మెరుస్తాండె. వచ్చినోళ్లలో ఒకామె, పేరు ఎందుకులే, "ఏం చిన్నకోడలి పళ్లెం బోడిగా ఉందే?" అనె. నేను తల వంచుకొన్యా.

మా అత్త అందరికీ వినపడేటట్లు చెప్పె. "బోడి కాదు. ఆ జాగా ఆళ్లగడ్డది. వాళ్లింట్లో బాండలి దిగి ఉంది. ఎక్కినప్పుడు వస్తాది. అంతవరకు ఆడ ఎవురూ ఏమీ పెట్టరు."

ఆ పొద్దు ఆడోళ్లంతా అంచు నుంచే తీసుకొనిరి. ఒక ముసలామె మాత్రం, ఆ ఖాళీ జాగాలో రెండు అక్షింతలు ఏసి, దండం పెట్టుకొని పాయె.

ఏడాది తిరిగె. సంవత్సరీకం అయిపాయె. ఇంగ బాండలి ఎక్కించచ్చు గదా? మా అమ్మ ఎక్కించలేదు. మా నాయన చెప్తే, నూనె అయిపోయింది అనేది. నూనె తెస్తే, నడుము నొప్పి అనేది. రెండో దసరాకూ మా అత్త ఆ జాగా ఇడిసె. తడిగుడ్డతో తుడిచి ఇడిసె, అంతే.

మూడో దసరా వస్తాందనగా ఒకనాడు, "బట్టలు సర్దుకో, ఆళ్లగడ్డకు పోదాం" అనె. నాకు భయం. తగువుకు పోతాందేమో అనుకుంటి. మోటారులో ఆమె ఒళ్లో ఒక చిన్న కుండ, మూతికి గుడ్డ కట్టి ఉంది. నయాపైసలు వచ్చిన కొత్త అది, చిల్లర కాడ అందరికీ కండక్టరుతో జగడమే. ఆయప్ప కుండ చూసి, "నూనె ఒలికితే నా సీటు ఎవురు కడుగుతారమ్మా?" అనె. "మెల్లగా తోలమని చెప్పప్పా, ఎందుకొలుకుతాది" అనె మా అత్త. సిరివెళ్ల దాటేదాకా వాళ్లిద్దరికీ అదే మాట.

మా అమ్మ వియ్యపురాలిని చూసి చాప వేస్తాది, నీళ్లు తెస్తాది, కోక సర్దుకుంటాది. మా అత్త చాప మీద కూర్చోలే. నేరుగా వంటింట్లోకి పోయి, బోర్లించిన బాండలి తీసి, కడిగి, పొయ్యి మీద పెట్టి, కుండలో నూనె పోసె. "బయట నుంచి వచ్చిన నూనె వదినా. మీ ఇంటిది కాదు. మీరు ఎక్కించినట్లు కాదు, నేను ఎక్కించినట్లు. నా పళ్లెంలో మీ జాగా ఊరికే ఉంది, తీసుకొని పోదామని వచ్చినా. పిండి కలుపు."

వియ్యపురాలు వచ్చి పొయ్యి కాడ కూర్చునేది యాడన్నా ఉందా? మా అమ్మ పిండి కలిపె. కొబ్బరి, బెల్లం, గసాలు దంచె. పూరీ వత్తె, పూర్ణం పెట్టె, మడిచె, నూనెలో ఏసె.

ఏసిన రవ్వంతసేపటికి అది నోరు తెరుచుకొనె. బెల్లమంతా నూనెలో పడి మాడి, నల్లగా పొంగె. రెండోది ఏసె, అదీ పగిలె. ఊరంతా చెప్పుకునే చెయ్యి అది. మొదటి బాండలి, మాడు వాసన, అపశకునం అంటాదేమో మా అత్త అని నాకు భయం.

మా అత్త జల్లిగరిటెతో మాడు తీసేసుకుంటా, "అంచు ఒత్తలేదు వదినా నువ్వు. ఎవురు ఒత్తేవాళ్లు?" అనె, మెల్లగా.

మా అమ్మ తన చేతులు తాను చూసుకొనె. "శీనడు" అనె. "వాడే. పీట పక్కన కూర్చొని జడ అల్లినట్లు ఒత్తేవాడు. మగపిల్లోనికి ఈ పనేందని వాని అవ్వ తిట్టేది. నేను ఎప్పుడూ ఒత్తలేదు వదినా. శీనడే ఒత్తేవాడు."

వాడు పోయినాక మా అమ్మ నోట వాని పేరు వచ్చింది అదే మొదలు. ఇంగ ఏడ్పు. పొయ్యి కాడనే, పిండి చేతులతోనే. మా అత్త పొయ్యిలో కట్టె ఎనక్కు లాగి, అంతా ఏడ్వనిచ్చె. మల్ల నూనె వడగట్టి, పీట దగ్గరకు జరుపుకొని, "ఎట్ల ఒత్తేవాడు? చూపించు. నాకూ రాదు" అనె.

మా అమ్మ కండ్లు తుడుచుకొని, బొటనవేలితో అంచు రవ్వంత లాగి, మడిచి, ఒత్తి, మల్ల లాగి... ఎప్పుడూ చేయలేదు గాని ఏండ్ల తరబడి చూసింది గదా వాని వేళ్లు. చూసింది చూసినట్లు చేసె. ఆమెను చూసి మా అత్త, మా అత్తను చూసి నేను.

ఆ ఏడు నా పళ్లెం నడుమ కర్జికాయలు ఉండె. వంకర టింకర అంచులు. ముందు బోడిగా ఉందే అని అడిగిన ఆమే, "ఎవురమ్మా ఇట్ల ఒత్తింది?" అనె. "ఇద్దరు ముసలోళ్లం నేర్చుకుంటాండాము, తిను" అనె మా అత్త.

ఏం అమ్మీ, చక్కిలం ఇరుగుతాంది, మెల్లగా పట్టుకో. ఏడ్చుకో, ఏం కాదు. నాకు తెలియదా? పొద్దున నుంచి గమ్మున తిరుగుతాండావు. మీ నాయన పోయి ఇంకా ఏడాది నిండలేదు, మీ అమ్మ పాపం ఏమీ పంపలేకపాయె, నీకు ఇది మొదటి పండగ. అందుకే ఆ కోవా తెప్పించినావు. మా నాయన మాదిరే. తప్పు కాదులే. ఆ కోవా పిల్లోళ్లకు పెట్టు.

మీ పుట్టిల్లు వెలుగోడు ఎంత దూరం, ఆళ్లగడ్డ అంత కూడా లేదు. ఏడాది తిరగనీ. మీ అమ్మ ఎక్కించకపోతే నాకు చెప్పు. మోకాళ్లు పట్టుకుంటే పట్టుకొనీ, నన్ను కార్లో ఏసుకొని పోండి. నూనె నేను తెస్తా. ఒళ్లో పెట్టుకొని కూర్చుంటా, ఒలకనియ్యను. మీ నాయనకు ఏది ఇష్టమో కనుక్కొని ఉండు, అది చేద్దాం.

నీ కడుపు చల్లగుండ తల్లీ. నీ ఇంట్లో పొయ్యి ఎప్పుడూ ఆరకూడదు. ఇంగ లెయ్, మొగం కడుక్కో, పూలు పెట్టుకో. ఆ తడిగుడ్డ ఇట్ల ఇయ్యి, నడుమ నేను తుడుస్తా. వాకిట్లో ఎవురో వచ్చినట్లుండారు, పోయి పిలువు. పళ్లెం చూసి అడుగుతారు, అడగనీ. తల వంచుకోవద్దు. ఆ జాగా వెలుగోడుది అని చెప్పు.