పెద్దదైన గుండె

ఈ సంగతి నాకు మొదట చెప్పింది టీ కొట్టు ముసలాయన. తర్వాత దర్జీ కూడా చెప్పాడు గానీ, దర్జీ నోట పడితే చొక్కా కూడా లాగూ అవుతుంది. వాడి మాట నేను లెక్కలో వెయ్యను.

ఆ వీధిలో ఓ బావా, బావమరిదీ ఉన్నారు. బరువులు మోసే బావని ఆస్పత్రిలో పరీక్ష చేసి, "నీ గుండె పెద్దదైందయ్యా" అన్నాడట డాక్టరు. అంతే. మర్నాటినుంచి టీ కొట్టు బల్ల మీద ఒకటే కోతలు. ఆస్పత్రికి తోడు వెళ్ళిన బావమరిది, ఇస్త్రీ పనివాడు, పక్కనే కూచునేవాడు. బావ మొహంలో వెలుగు చూసి నోరు మెదపలేకపోయాడు.

"రెండు మూటలతో మూడంతస్తులు ఎక్కినా చెమట పట్టదురా నాకు. ఎందుకు? గుండె! ఫొటో తీస్తే ఒక ఫిల్ములో పట్టక రెండు అతికించారు. మీకు నాలుగు మెట్లెక్కితే దడదడ. నాది కింద ఒకసారి కొట్టుకుంటుంది, మేడ మీద ఇంకోసారి. మధ్యలో కునుకు!"

"మరి ఊపిరి సంగతో?" ఎగదోశాడు దర్జీ.

"అక్కడికే వస్తున్నా. నర్సమ్మ గట్టిగా పీల్చమంది. పీల్చా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కిటికీ తెరలొచ్చి ముక్కుకి అంటుకున్నాయి, పక్క మంచం రోగి మంచంతో సహా దొర్లుకుంటూ వచ్చాడు, వదిలేసరికి వాళ్ళింటి గుమ్మంలో పడ్డాడు!"

అందరూ పగలబడి నవ్వారు. బావమరిదీ నవ్వాడు.

అప్పుడే ఎదురు మేడకి ఇనుప బీరువా వచ్చింది. లిఫ్టు చెడిపోయింది. "నేనొక్కణ్ణే... ఎక్కిస్తా" అంటూ బావ లేచి తలకి తువ్వాలు చుట్టాడు. అంత మాటకే రొప్పుతున్నాడు.

"వద్దు బావా."

"ఏరా, నా గుండె సంగతి నీకు తెలీదా?"

"తెలుసు కాబట్టే. కసరత్తు చేసినోడి గుండె బలిసి పెద్దదవుతుందట. నీది పాత సంచిలా సాగిపోయి పెద్దదైంది. మెట్లెక్కితే ఒంటికి రక్తం ఎక్కువ కావాలి, అది తొయ్యలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోంది. బరువెత్తితే పోతాడన్నాడు డాక్టరు. నువ్వప్పటికే చొక్కా తొడుక్కుని బయటికెళ్ళిపోయావు."

దర్జీ కిసుక్కుమన్నాడు. బావ తువ్వాలు విప్పి భుజాన వేసుకుని, టీ అలాగే వదిలేసి, గోడ పట్టుకుని ఆగుతూ ఆగుతూ ఇంటికి నడిచాడు.

మందులు వేసుకుంటున్నాడు, బతికున్నాడు. కొట్టుకి మాత్రం రాడు. బావమరిది ఎదురుపడితే వీధి మారతాడు. మొదటిరోజే చాటుగా చెప్పి ఉండాల్సిందని మథనపడుతూ బావమరిది పరధ్యానంలో ఇస్త్రీ పెట్టె ఎత్తడం మరిచి జనం బట్టలు కాలుస్తున్నాడు.

బావమరిది అసూయతో బావ పరువు తీశాడని దర్జీ ప్రచారం. శుద్ధ అబద్ధం. అటువైపు వెళ్ళేవాళ్ళు ఎవరైనా బావకి ఉన్నదున్నట్టు చెప్పండి. నేనే వెళ్దును గానీ, బావకీ నాకూ ఏళ్ళుగా మాటల్లేవు. ముందు పలకరించాల్సింది అతను.