సైకిలు బొమ్మకు కుంకుమ

విజయనగరంలో సైకిళ్ల కోసం రోడ్డు పక్కన కొత్తగా ఆకుపచ్చ దారి వేశారు. దాని మీద తెల్లగా గీసిన సైకిలు బొమ్మకు ఒక ఇల్లాలు రోజూ పసుపు కుంకుమ పెడుతోంది. పక్కనే సైకిళ్లు బాగుచేసే, ఆమెను అక్క వరసలో "అప్పా" అని పిలిచే అతను ఈరోజు ఆమెను ఆపాడు.

"ఇంక పెట్టకప్పా."

"అదేటిరా? పిల్లలు సల్లగా బడికెళ్లాలనే కదా పెడతన్నాను."

"నువ్వు పెట్టినకాడ్నించీ ఒక్క పిల్లా బొమ్మ మీంచి పోవడం లేదు. కుంకుమ తొక్కితే పాపమని పక్కకి తిప్పి, లారీలెళ్లే రోడ్డెక్కేస్తన్నారు."

"అమ్మవారు సూసుకుంటాది లేరా."

"నిన్న ఓ పిల్ల జడ లారీకి రాసుకున్నాది."

"అయ్యో! ఎవరి పిల్ల?"

"నీ కూతురే అప్పా. ఉష. నీకు సెప్పొద్దని ఏడ్సింది."

ఆమె కుంకుమ భరిణె మూసి, పూజకు తెచ్చిన నీళ్ల చెంబు పక్కన దించింది.

"సెంబులో నీళ్లున్నాయి కదా. కడిగేయప్పా."

"నా సేత్తో నేనే కుంకుమ సెరపాలా? ఆ తల్లికి కోపమొస్తే ఉషకేటవుతాదిరా?"

"సెరపకపోతే ఏటవుతాదో అది సూడు. పిల్లలు బడికెళ్లే టైమయింది."

"తప్పయితే నామీదుంచు తల్లీ... ఒరే, ఇదేట్రా! కడిగేకొద్దీ ఎరుపు దారికడ్డంగా పాకిపోతన్నాది!"

"ఆపప్పా, ఇంక పొయ్యకు! అదిగో, పిల్లల బెల్లులు."

"ముందున్నది ఉషే! ఎనకాలే లారీ... ఉషా! పక్కకి తిప్పకే! కుంకుమ తొక్కుకునే వచ్చీయే! పాపం లేదే!"

"ఆ హారన్లో దానికేటి ఇనిపిస్తాదప్పా!"