నత్తల మందు గురించి నేను దాచిన మాట

నా పేరు నిల్దా ఒయార్సున్ పాచెకో. వయసు అరవై మూడు. బడి వంటశాలలో ఇరవై ఆరేళ్ళు వంట చేసి మానుకున్నాను. భర్త లేడు. చిలీ దేశం, లోస్ బోల్దోస్ ఊరు, ఎగువ వీధి, పద్నాలుగో నంబరు ఇంట్లో ఒంటరిగా ఉంటున్నాను. ఈ కేసులో జూలై పదిహేడున ఒకసారి మీ పోలీసులకు వాంగ్మూలం ఇచ్చాను. అప్పుడు చెప్పింది అబద్ధం కాదు. కానీ చెప్పవలసింది చెప్పలేదు.

నా పెరట్లో నాలుగు మడులున్నాయి. ఏప్రిల్‌లో పెద్ద చిక్కుళ్ళు, వెల్లుల్లి, పాలకూర, సలాడ్ ఆకులు వేశాను. మట్టి తవ్వి, గుర్రపు పేడ మోసి తెచ్చి పోసింది పక్కింటి విల్నేర్. అతనిది హైతీ దేశం. బేకరీలో రాత్రి పని చేస్తాడు, పగలు నిద్రపోతాడు. వద్దన్నా వినకుండా ఆరు బస్తాలు మోశాడు.

ఈ ఏడు చలికాలం వచ్చినా చలి లేదు. జూన్ నెలంతా ఒక్క రోజు కూడా నేల మీద మంచు పేరుకోలేదు. మొక్కలు బాగా వచ్చాయి. చలి లేకపోతే నత్తలు చావవు. పొయ్యి బూడిద చల్లాను, గుడ్డు పెంకులు చల్లాను. పొద్దున లేచేసరికి సలాడ్ ఆకులకు ఈనెలే మిగిలేవి. బడిలో మూడు వందల మందికి వండినదాన్ని, గుప్పెడు ఆకులు కాపాడుకోలేనా అని పంతం పట్టాను.

జూలై పదమూడు, శనివారం, విత్తనాల కొట్లో నత్తల మందు కొన్నాను. నీలం గుళికలు. నత్తలు ఇంకా బాగా వస్తాయని వాటిలో తవుడు, బెల్లం పాకం కలిపి సలాడ్ మడిలో చల్లాను. అలా కలపమని ఎవరూ చెప్పలేదు. డబ్బా మీద కుక్క బొమ్మ ఉంది, దాని మీద ఎర్ర గీత ఉంది. చూశాను. చూశాను అని రాసుకోండి.

ఇంకో వైపు పక్కింట్లో పెద్దాయన దోన్ ఎలియసార్ ఉంటారు. డెబ్బై ఎనిమిదేళ్ళు, రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆయన కుక్క పేరు చోక్లో. కంచె కింద కన్నం గుండా రోజూ నా పెరట్లోకి వచ్చేది. నేనే ఎముకలు వేసి అలవాటు చేశాను. కన్నానికి ఇటుక అడ్డం పెట్టాలనుకున్నాను. ఇటుక చేతికందే దూరంలోనే ఉంది. చిక్కుడు తీగలకు కర్రలు పాతే పనిలో పడి పెట్టలేదు.

జూలై పదహారు, మంగళవారం, ఉదయం ఎనిమిదింటికి చోక్లో మడిలో ఏదో నాకుతోంది. కిటికీలోంచి చూసి "పో, పో" అన్నాను. పోయింది. తొమ్మిదిన్నరకు దోన్ ఎలియసార్ కేక వేశారు.

"నిల్దా! అమ్మా నిల్దా! వీడికేదో అయింది, రా!"

కుక్క వణుకుతోంది, నాలుగు కాళ్ళూ కర్రల్లా బిగుసుకున్నాయి. నేను దాని తల దుప్పటిలో పెట్టి పట్టుకున్నాను. పశువుల డాక్టరమ్మ పదింటికి వచ్చింది.

"ఏం తిన్నాడు? ఏం తిన్నాడో తెలిస్తే నా పని సులువవుతుంది. ఎవరైనా చూశారా?"

ఆమె రెండుసార్లు అడిగింది. రెండోసారి నా వైపే చూసి అడిగింది. కుక్క తల నా ఒళ్ళోనే ఉంది. నేను తెలియదన్నాను. పదకొండుంబావుకి చోక్లో చచ్చిపోయింది.

దోన్ ఎలియసార్ ఏడవలేదు. "ఆ నల్లోడే," అన్నారు. "వీడి నోరు మూయిస్తానని వీధిలో నిలబడి అరిచాడు. నువ్వూ విన్నావు కదమ్మా?"

విన్నాను. జూన్‌లో ఒక పగలు, చోక్లో మొరుగుడుకు నిద్ర చెడి, విల్నేర్ అలా అరిచిన మాట నిజం. గంట తర్వాత కంచె దగ్గరికి వచ్చి "తప్పైంది తాతా, నిద్ర లేక నోరు జారాను" అని దండం పెట్టిన మాట కూడా నిజం. మీ వాళ్ళు మొదటిది అడిగారు, చెప్పాను. రెండోది అడగలేదు, చెప్పలేదు.

ఆ సాయంత్రమే గుళికలు ఏరి, డబ్బాతో సహా చిక్కుడు మడి చివర పాతిపెట్టాను. మీరు వచ్చి తవ్వుకోవచ్చు.

పదిహేడున మీ వాళ్ళు విల్నేర్‌ను తీసుకెళ్ళారు. మర్నాడు వదిలేశారు గాని కేసు నడుస్తోంది. బేకరీవాళ్ళు రావద్దన్నారు. ఈ దేశంలో ఉండటానికి రావలసిన నివాస కాగితాలు ఆగిపోయాయి. వాళ్ళ ఇంటి గోడ మీద ఎవరో హంతకుడని రాస్తే అతని భార్య మిర్లాంద్ రెండు రోజులు రుద్దింది. నేను నీళ్ళు అందించాను. మందు వేయని మడిలో పాలకూర కోసి పట్టుకెళ్ళాను. ఒకసారి కాదు, ఐదుసార్లు. నా పెరటి కూర నేను తినలేకపోయాను. చిక్కుళ్ళు మాత్రం ఎన్నడూ లేనట్టు కాశాయి.

నిన్న మిర్లాంద్ వచ్చి నా చేతులు పట్టుకుంది. "దోన్యా నిల్దా, ఈ వీధిలో మమ్మల్ని పలకరించేది మీరొక్కరే. మా ఆయన మంచివాడని స్టేషన్లో ఒక్క మాట చెప్పండి. మీరు చెబితే వింటారు."

సరేనన్నాను. ఈ ఉదయం ఇద్దరం ఒకే బస్సులో వచ్చాం. టిక్కెట్టు తనే తీసింది. అతను మంచివాడని చెప్పి వెళ్ళిపోదామనే వచ్చాను. మీరు పేరు, వయసు అడిగారు. ఆ తర్వాత నా నోట్లోంచి ఇది వచ్చింది.

మిర్లాంద్ బయట బెంచీ మీద కూర్చుని ఉంది. తనకింకా తెలియదు. మీరు పిలిచి చెప్పొద్దు. నేను చెబుతాను. ఆ తర్వాత దోన్ ఎలియసార్‌కూ నేనే చెబుతాను.

నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. రాసినది చదివి వినిపించారు. ఒక్క చోట "పొరపాటున" అని రాశారు, అది కొట్టేయించాను. మిగిలినదంతా నేను చెప్పిన సత్యమే.

29 జూలై 2024, ఉదయం 11.40
(సంతకం) నిల్దా ఒయార్సున్ పాచెకో